శ్వేతకేతువు మఱచిన పాఠము

ఛాందోగ్యోపనిషత్తులో ఆఱవ అధ్యాయమనగానే అందఱికిని మహావాక్యము గుర్తునకు వచ్చును. ప్రవచనకర్తలు మఱ్ఱిపండును, ఉప్పు కలిపిన నీటిని దృష్టాంతములుగా ఎంతో ప్రీతితో వివరింతురు. వానికి ముందు, ఏడవ ఖండమున, ఒక ఉపవాసకథ కలదు. దానిని రెండు మాటలలో చెప్పి దాటిపోవుట వాడుక. పాఠము చెప్పు తొలి దినములలో నేనును అట్లే దాటితిని. ఆ కథ నాకు బోధపడుటకు ఒక పసివానికి నేను చేసిన అన్యాయము కారణమైనది. దానిని పిమ్మట విన్నవించెదను. ముందు కథ.

శ్వేతకేతువు పండ్రెండవ యేట గురుకులమునకు పోయి, ఇరువదినాలుగవ యేట సకలవేదములు చదివి, నాయంతవాడు లేడను గర్వముతో ఇల్లు చేరెను. తండ్రి ఉద్దాలకుడు ఆతనికి అన్నతత్త్వము చెప్పెను. తిన్న అన్నము మూడు విధములగును. స్థూలభాగము మలమగును, మధ్యభాగము మాంసమగును, మిక్కిలి సూక్ష్మమైనది మనస్సగును. త్రాగిన నీటిలోని సూక్ష్మాంశము ప్రాణమగును. కుమారుడు "ఇంకను వివరింపుడు" అనెను. తండ్రి వివరింపలేదు. "పదునైదు దినములు భుజింపకుండుము; నీరు మాత్రము కావలసినంత త్రాగుము" అనెను. పదునాఱవ నాడు కుమారుని పిలిచి ఋక్కులు, యజుస్సులు, సామములు చెప్పుమనగా, పండ్రెండేండ్లు వల్లించిన వానికి ఒక్కటియు తోపలేదు. గొప్ప అగ్నిలో మిణుగురుపురుగంత నిప్పుకణిక మిగిలినచో అది దేనిని కాల్చగలదు? అదే కణికపై ఎండుగడ్డి వేసినచో మరల మండును. "పోయి భుజింపుము" అనెను తండ్రి. భుజించి వచ్చిన పిదప అడిగినదంతయు చెప్పగలిగెను.

ఈ కథలో నన్ను ఇప్పుడు ఆపివేయునది తండ్రి అనని మాట. వేదములు నోటికి రాక నిలిచిన కుమారుని చూచి "నీవు శ్రద్ధగా చదువలేదు" అని ఆయన అనలేదు, "మందబుద్ధివి" అనలేదు. అన్నము తినిరమ్మనెను.

ఒకని బుద్ధిమాంద్యమునకు, బద్ధకమునకు, చిఱచిఱకు ఆతడే బాధ్యుడా? గుణదోషములు పూర్వజన్మ సంస్కారములని కొందఱు, పెంపకమని కొందఱు, స్వయంకృతమని కొందఱు అందురు. ఈ మూటి కంటె ముందు చూడవలసినది వాని విస్తరియేమో అను సందేహము నాకు కలదు. ఈ సందేహమును శాస్త్రము నేడు ఎంతవరకు సమర్థించుచున్నదో చూతము.

గీతలో పదునైదవ అధ్యాయమున భగవానుడు తాను వైశ్వానరాగ్నియై ప్రాణుల దేహములందుండి నాలుగు విధములైన అన్నమును పచనము చేయుచున్నానని చెప్పెను. జఠరాగ్ని అనగానే మనము కడుపునే తలచుదుము. కడుపున జరుగునది నిజమునకు వంటకు ముందు కూరలు తరుగుట వంటిది. అసలు మంట శరీరమందలి ప్రతి కణమునను జరుగుచున్నది. పిండిపదార్థములు చక్కెరగాను, మాంసకృత్తులు ఆమ్లములుగాను, క్రొవ్వులు సూక్ష్మాంశములుగాను విడివడి, రక్తమార్గమున కణములను చేరి, మనము పీల్చిన ప్రాణవాయువుతో కూడి శక్తినిచ్చును. దీనినే జీవక్రియ యందురు. ఈ క్రియకు సెలవు లేదు. అఱువది కిలోల మనిషి ఏ పనియు చేయక కదలకుండ పడుకొన్నను దినమునకు సుమారు 1400 నుండి 1500 కాలరీలు వ్యయమగును. గుండె కొట్టుకొనుటకు, కాలేయము, మూత్రపిండములు పనిచేయుటకు, దేహపు వెచ్చదనము నిలుచుటకు ఈ వ్యయము. ఇందులో మెదడు పాలు విచిత్రమైనది. అది శరీరపు బరువులో నూటికి రెండు వంతులే. విశ్రాంతివేళ వ్యయములో మాత్రము అయిదవ వంతు దానిదే. అయిదేండ్ల శిశువునందైతే విశ్రాంతివేళ వ్యయములో సగమునకు పైగా మెదడే తినివేయును. అక్షరాభ్యాసము చేయించు వయస్సు సరిగా అదియే. మనము పలక చేతికిత్తుము. పళ్ళెములో ఏమున్నదో చూడము.

ఈ అగ్నికి సమిధ ఏది అని వెదకినవారిలో మన తెలుగువాడొకడున్నాడు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన సోదరులు స్ప్రూ అను వ్యాధితో మరణించిరి. ఆయనయు దానితో బాధపడెను. అది తిన్న అన్నము ఒంటికి పట్టని వ్యాధి. ఇంటిలో అన్నమున్నను దేహమునకు కఱవే. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమున ఆయన, ఫిస్కె అను ఆచార్యునితో కలిసి, 1925లో రక్తము మొదలగు వానిలోని భాస్వరమును కొలుచు పద్ధతిని కనిపెట్టెను. 1929లో వారిరువురును, జర్మనీలో లోహ్మన్ అను పండితుడును, వేర్వేఱుగా అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ అను పదార్థమును వెల్లడించిరి. దేహము అన్నమునుండి తీసిన శక్తి ఈ పదార్థరూపముననే చేతులు మాఱును. ఒక క్షణమున మన దేహములో ఇది కొంచెమే ఉండును. కాని విఱుగుచు మరల కూడుచు ఒక్క దినములో దాదాపు మనిషి బరువంత పదార్థము ఇట్లు మాఱుచుండును. చేతిలో చిల్లర లేకున్నను దినమంతయు వ్యాపారము నడపు కోమటివలె! అదే సుబ్బారావుగారి బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. సోదరులను కబళించిన ఆ వ్యాధికి అది మందుగా ఉపయోగపడినది. నేడు గర్భిణులకు ఇనుముతో కలిపి ఇచ్చు మాత్రలో ఉన్నది అదియే.

అన్నము ఆగినచో ఏమగును? కాలేయములో దాచిన పిండి ఇంచుమించు ఒక దినములో ఖర్చగును. పిదప కండ కరగి చక్కెరగా మాఱును. క్రొవ్వు కరగి కీటోనులను అంశములు పుట్టి మెదడును పోషించును. దేహము వ్యయమును తగ్గించుకొనును; చల్లబడును; కదలికను మాన్పించును. గృహస్థు ఆదాయము తగ్గినపుడు దీపములార్పి పండుకొన్నట్లు. మనము దానిని సోమరితనమందుము.

ఉద్దాలకుని పరీక్షను తలపించు పరీక్ష ఒకటి 1944–45లో అమెరికాలోని మిన్నెసోటాలో జరిగినది. యుద్ధములో ఆయుధము పట్టమని నిరాకరించిన యువకులు 36 మంది స్వచ్ఛందముగా ముందునకు వచ్చిరి. ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు వారికి ఇరువదినాలుగు వారములు మామూలు తిండిలో సగముమాత్రమే పెట్టెను. వారి బరువులో నాలుగవ వంతు తగ్గెను. అంతకంటె ముఖ్యము వారి మనస్సునకు జరిగినది. అహింసావ్రతులగు ఆ సజ్జనులు ఒకరిపై నొకరు చిఱాకుపడసాగిరి. హాస్యము మాని, స్నేహములు మాని, పళ్ళెములు నాకుచు, వంటల పుస్తకములు చదువుచు గడపిరి. చదువుపై మనస్సు నిలుచుట లేదని వారే చెప్పుకొనిరి. అయితే బుద్ధిని కొలుచు పరీక్షలు పెట్టగా పెద్ద తగ్గుదల కనబడలేదు. ఈ ఫలితమును చదివినపుడు నాకు మిణుగురంత నిప్పుకణిక జ్ఞాపకమునకు వచ్చినది. బుద్ధి నశింపలేదు, దానిని మండించు ఇంధనము లేదు.

అంతమాత్రమున అంతయు మన పూర్వులకు తెలియునని చాటింపు వేయువారితో నేను ఏకీభవింపను. శ్వేతకేతువు ఇరువదినాలుగేండ్లు తిని పెరిగినవాడు. ఆతనిలో కణిక మిగిలియుండెను కనుక గడ్డి వేయగానే మండెను. గర్భమునందును, పుట్టిన రెండేండ్లలోను అన్నము చాలని శిశువు సంగతి వేఱు. అచట నిప్పు రాజుకొనుటయే కుంటువడును. పిమ్మట ఎంత పెట్టినను పోయినదంతయు తిరిగిరాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశమున అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి 35 మందికి పైగా వయస్సునకు తగిన పొడవు లేరని తేలినది. ఈ సంగతి ఉపనిషత్తులో లేదు. చూచి తెలిసికొనవలసినదే.

కడుపు నిండిన మాత్రమున దేహము నిండదనునది మఱియొక సంగతి. శ్రీకాకుళమున 1921లో జన్మించిన వులిమిరి రామలింగస్వామిగారు హిమాలయ పాదప్రాంతమున కాంగ్రాలోయలో 1956 నుండి పరిశోధన సాగించిరి. అచట గళగండము, అనగా గొంతుక్రింద కాయవలె వాపు, ఊరూర కనబడుచుండెను. అట్టి ప్రాంతములలో అయొడిన్ మిక్కిలి కొఱవడిన తల్లులకు చెవిటి మూగ పిల్లలు, బుద్ధి వికసింపని పిల్లలు పుట్టుదురు. వారు అన్నము లేనివారు కారు. వానలకు మట్టిలోని అయొడిన్ కొట్టుకొనిపోవుటచే పంటలో అది కొఱవడినది. లోయలో ఒక భాగమునకు మామూలు ఉప్పు, తక్కిన భాగములకు అయొడిన్ కలిపిన ఉప్పు ఇచ్చి చూచిరి. కొన్నియేండ్లలో అయొడిన్ ఉప్పు తిన్నచోట గళగండములు తగ్గెను. మామూలు ఉప్పు తిన్నచోట తగ్గలేదు. పిమ్మట వారికిని అదే ఉప్పు ఇచ్చిరి. 1962లో దేశవ్యాప్తముగా గళగండ నివారణ కార్యక్రమము మొదలైనది. మనిషికి దినమునకు కావలసిన అయొడిన్ 150 మైక్రోగ్రాములు. జీవితకాలమంతటికి కలిపినను ఒక చెంచాడు. ఒక చెంచాడు పదార్థము లోపించిన చోట తరతరములు "వీరింతే, కొండమొద్దులు" అనిపించుకొనిరి!

ఇనుము లోపము మన ఇండ్లలోనే ఉన్నది. పెద్దవాని దేహములో ఇనుము మూడునాలుగు గ్రాములు. ఒక చిన్న మేకు బరువు. అందులో అధికభాగము రక్తమునందుండి ప్రాణవాయువును మోయును. అది తగ్గినచో ఆయాసము, నిద్రమత్తు, ఏకాగ్రత లేమి. పైన చెప్పిన సర్వేలోనే పదునైదు నుండి నలువదితొమ్మిదేండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. అందఱు తినిన పిదప గిన్నె అడుగున మిగిలినది తినుట ఇల్లాలి ధర్మమని నేనును ఒకప్పుడు ఉపన్యసించితిని. పప్పు అడుగంటినపుడు ఆమెకు మిగులునది అన్నము, మజ్జిగ, ఊరగాయ. ఆ ఉపన్యాసమును నేనిపుడు చెప్పను.

ఇచట ఒక ఆక్షేపణ వచ్చును. అన్నమే మనస్సైనచో తపస్సునకు అర్థమేమి? రంతిదేవుడు నలువదెనిమిది దినములు అన్నపానములు లేక యుండియు, లభించినదానిని అతిథులకిచ్చి, చివర మిగిలిన నీటిని సైతము దాహముగొన్నవానికిచ్చెను కదా. ఆకలి ఆతని మనస్సును చెఱుపలేదే? నిజము. భాగవతము ఆతని కథ చెప్పినది ఆతడు అందఱివంటివాడు కాడు కనుకనే. ఆకలి మనిషిని ఎంత క్రుంగదీయునో తెలిసినవానికే రంతిదేవుని మహిమ తెలియును. ఆ మహిమను పదేండ్ల పిల్లవానినుండి పన్నువలె వసూలు చేయుట ఏ శాస్త్రమునను లేదు. ఏకాదశినాడు మనము చేయు ఉపవాసము నిండిన దేహము ఎంచుకొన్న ఉపవాసము; మఱునాటి పారణము సిద్ధముగా నుండును. కఱవు ఎంచుకొన్నది కాదు.

ఛాందోగ్యముననే ఉషస్తి అను బ్రాహ్మణుని కథ కలదు. కురుదేశమున పంటలు పాడైన కాలమున ఆతడు ఏనుగుల మావటి తినుచున్న గుగ్గిళ్ళను అడిగి తినెను. ఎంగిలి నీరు మాత్రము వద్దనెను. గుగ్గిళ్ళు ఎంగిలి కావా అని మావటి అడుగగా, "అవి తినకున్నచో నేను బ్రతుకను; నీరు నాకు వేఱొకచోట దొరకును" అనెను. మఱునాడు యజ్ఞశాలకు పోయి ఋత్విజులను ప్రశ్నించి నిలువరించిన ధీశక్తి ఆతనికి ఆ గుగ్గిళ్ళవలననే వచ్చినది. గుగ్గిళ్ళు ముందు, నియమము పిదప. నియమమును విడువలేదు, దాని చోటు ఎఱిగి నిలిపెను.

అట్లయినచో ఏ తప్పునకును ఎవరును బాధ్యులు కారా? నా మట్టుకు నేను ఒక భేదము పాటింతును. నా తప్పునకు నా ఆకలిని సాకుగా చెప్పుకొనను. ఎదుటివాని తప్పునకు మాత్రము వాని ఆకలిని విచారింపక తీర్పు చెప్పను. తర్కశాస్త్రము తెలిసినవారు ఇది పక్షపాతమందురు. కావచ్చును.

ఇక ఆ పిల్లవాని సంగతి. 1991లో నేనొక సంస్కృత పాఠశాలలో అధ్యాపకుడను. నేను వారములు చేసికొని చదువుకొన్నవాడను. దినమొక ఇంట భుజించి, రాత్రి నీరు త్రాగి అమరము వల్లించినవాడనని నాకొక అహంకారము. నాకు రాగా వీరికేల రాదు అనుకొందును. నేను గమనింపని దేమనగా, ఆ ఏడు ఇండ్లలో ఒక తల్లి పప్పు, ఒక తల్లి తోటకూర, ఒక తల్లి గడ్డపెరుగు వడ్డించెడివారు. మా పాఠశాల వంటశాలలో మూడువందల అఱువదియైదు దినములు గంజి వార్చిన తెల్లని అన్నము, నీళ్ళచారు, పలుచని మజ్జిగ. అన్నము మాత్రము కడుపునిండ పెట్టెడివారము.

ఆ పిల్లవానికి పదునొకండేండ్లు. రామశబ్దము తృతీయావిభక్తి దగ్గఱ ఆగిపోవును. కూర్చున్నచోటనే కునుకు తీయును. పైగా బలపములు తినును. గోడసున్నము గీకి తినును. బెత్తముతో కొట్టితిని, మానలేదు. ఆఱుమాసములు చూచి వాని తండ్రికి లేఖ వ్రాసితిని. బుద్ధిమాంద్యము, నిద్రాలుత్వము, మృద్భక్షణము అను దోషములు కలవు కనుక విద్యకు అనర్హుడని, తీసికొనిపొమ్మని. ఆయన వచ్చి, చేతులు జోడించి, పిల్లవానిని తీసికొనిపోయెను.

1993లో ఒక వైద్యుడు ఉత్సవమునకు వచ్చి, మా పిల్లలను చూచెదనని తానే అడిగెను. ఒక్కొక్కని క్రింది ఱెప్ప లాగి చూచెను, నాలుక చాపించెను, గోళ్ళు చూచెను. ఒక పిల్లవానిని నిలువబెట్టి "శాస్త్రిగారూ, వీడు బలపాలు తింటాడా?" అనెను. జ్యోతిషము చెప్పినట్లుండి నేను ఆశ్చర్యపోతిని.

"తింటాడండీ. మన్ను తింటే రక్తం తగ్గుతుందని విన్నాను."

"చాలామంది తగ్గినందువల్లే తింటారండీ. కాళ్ళకు చెప్పుల్లేవు, కడుపులో కొంకిపురుగులున్నాయి, అవి రక్తం తాగుతున్నాయి. మీరు పెట్టే అన్నంలో ఇనుము లేదు. వీడు సోమరి కాడు. ఊపిరి అందక కునుకుతున్నాడు."

మన్ను తిన్నాడని గోపబాలురు చెప్పినపుడు యశోద నోరు తెఱువుమని చూచినది. దశమస్కంధములో ఆ ఘట్టమును నేను వందమార్లు చెప్పియుందును. నా యెదుట మన్ను తిన్న పిల్లవాని నోరు నేను ఒక్కమాఱు తెఱిపించి చూడలేదు. చూచినచో కాగితమువలె పాలిన నాలుక కనబడియుండెడిది.

పురుగులకు మందు, ఇనుపమాత్రలు ఇచ్చిరి. దినమునకొక పప్పు, మునగాకు గాని తోటకూర గాని, పిండుకొనుటకు నిమ్మబద్ద వలెనని వైద్యుడు చెప్పెను. ఆకుకూరలోని ఇనుము పులుపు తోడైనచో బాగుగా ఒంటబట్టునట. భోజనముతో టీ త్రాగినచో పట్టదట. వంటవానితో నేను పోట్లాడి సాధించితిని. మూడు మాసములకు ఆ బలపముల పిల్లవాడు శబ్దమంజరి ముగించెను.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మఱునాడు బస్సెక్కి మొదటి పిల్లవాని ఊరు వెదకికొని పోతిని. వాడు లేడు. పట్నములో ఒక హోటలులో గ్లాసులు కడుగుచున్నాడనిరి. తండ్రి పీట వేసి కూర్చుండబెట్టి మంచినీళ్ళిచ్చెను. నేను చెప్పవలసినదంతయు చెప్పితిని. ఆయన నెమ్మదిగా విని, "మీరు రాసిందే నిజమనుకున్నాం అయ్యగారూ. వాడూ అదే నమ్మాడు" అనెను. లోనికి పోయి, రేషనుకార్డుతో కలిపి గుడ్డలో చుట్టి దాచిన నా లేఖను తెచ్చి చూపెను. మడతలు చినిగియున్నవి. సిరా చెదరలేదు.

దానిని నాకిమ్మని అడిగితిని. ఆయన ఇవ్వలేదు. తన కొడుకు చదువుకొన్నాడనుటకు ఇంటిలో ఉన్నది ఆ కాగితమొక్కటే ననెను.